ఇంకో గుక్క

ఆసుపత్రి మూడో అంతస్తులో, కారిడార్ చివర, మెట్ల పక్కన ఒక ఇరుకు గది ఉంది. అందులో పనిచేసే మనిషిని అందరూ ఊదు మాస్టారు అంటారు. ఆయన పాఠం చెప్పిందీ లేదు, వాద్యం పట్టిందీ లేదు. ఊపిరితిత్తుల సత్తా ఎంతో కొలిచే మెషిన్ ఒకటుంటుంది. దాని గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఉన్నదంతా ఒక్క ఊపున ఊదెయ్యాలి. ఊదేది రోగి, ఊదించేది ఆయన. ముప్పై ఏళ్లుగా అదే కొలువు.

ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది వినేవాళ్లకి. రక్తం కావాలంటే సూది గుచ్చితే చాలు, అదే వస్తుంది. ఎక్స్‌రేకి కదలకుండా నిలబడితే చాలు. ఊపిరి మాత్రం మనిషి ఇస్తేనే వస్తుంది. ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి రాదు. సగం ఊది, కళ్లు తేలేసి, ఇంక లేదని చేత్తో సైగ చేస్తారు. అడుగున ఎప్పుడూ ఇంకో గుక్క దాగి ఉంటుంది. ఆ గుక్క బయటికి రాకపోతే అంకె తప్పు, అంకె తప్పయితే మందూ తప్పే. దాన్ని రప్పించడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని డాక్టర్లే ఒప్పుకునేవాళ్లు.

రోగిని చక్రాలు లేని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టి, ఎదురుగా మూరెడు దూరంలో నిలబడేవాడు. "పీల్చు, పీల్చు, పీల్చు" అంటూ తనూ ఛాతీ పొంగించి మునివేళ్ల మీద లేచేవాడు. "ఊదూ" అన్నాక ఇక ఆగేవాడు కాదు. ఇంకా, ఇంకా, ఇంకా ఉంది, ఆపకు, ఇంకో గుక్క ఉందీ అంటూ మెడనరాలు తేలి, మొహం ఎర్రబడి, రోగి కంటే ముందు తనకే ఊపిరి చాలని స్థితికి వచ్చేవాడు. బస్సు డ్రైవరయితే బండి ఎత్తు ఎక్కుతోంది, కాలు తియ్యొద్దు అనేవాడు. రిటైరైన టీచరయితే ఆఖరి బెంచీకి వినపడలేదండీ అనేవాడు. ఓసారి కింది అంతస్తులో కొత్తగా చేరిన నర్సు ఆ కేకలు విని, పైన ఎవరికో కాన్పవుతోందనుకుని చేతితొడుగులతో సహా పరుగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే గొట్టం పట్టుకుని ఒక పోస్ట్‌మాన్, అతనికి ఎదురుగా మునివేళ్ల మీద లేచి నిలబడ్డ మాస్టారు.

గోడకి ఒక కార్డు వేలాడుతూ ఉండేది. ఊదించేవాళ్లు ఏ మాటలు అనాలో అందులో అచ్చువేసి ఉంటాయి. దయచేసి లోతుగా పీల్చండి, ఇప్పుడు బలంగా ఊదండి, ఆపకుండా కొనసాగించండి అని మర్యాదగా మూడు వరుసలు. ముప్పై ఏళ్లలో ఆయన దాని మొహం చూసింది లేదు. దుమ్ము తుడిచినప్పుడు కూడా వెనకవైపే తుడిచేవాడని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

ఆ కేకలు ఆయన సొంతం కావు. అవి వాళ్లక్కవి.

తల్లి పోయేనాటికి ఆయనకి ఆరేళ్లు, అక్కకి పద్నాలుగు. తండ్రి మిల్లులో పని, ఏ షిఫ్టుకి వెళ్తే ఆ షిఫ్టు అయ్యాకే తిరిగొచ్చేవాడు. వంటిల్లు అక్కదే. ముసురు పట్టిన రోజుల్లో కట్టెలు తడిసి పొయ్యి రాజుకునేది కాదు. అక్క చేతులు పిండిలో ఉంటే తమ్ముడి చేతికి ఇనప ఊదుగొట్టం ఇచ్చేది. పొగకి కళ్లు మండి, ముక్కు కారి, వాడు ఇంక నావల్ల కాదనేవాడు. "ఊదరా, నీ దగ్గర ఇంకా ఉంది. ఇంకో గుక్క ఉంది, నాకు తెలుసు" అనేది అక్క వెనక నుంచి. వాడు అయిపోయిందనుకున్న తర్వాత ఊదిన ఊదుకే మంట పుట్టేది. ఎన్నిసార్లో అలా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మరిచిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి అక్క ఆసుపత్రికి వచ్చి, తలుపు బయట నిలబడి లోపలి కేకలు విని, నవ్వాపుకోలేక డబ్బా బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చాక, నా మాటలతో కొలువు చేస్తున్నావన్నమాట, దొంగా అంది. అప్పటిదాకా ఆ మాటలు ఎక్కడివో ఆయనకే తట్టలేదు.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. మేడమీద రెండు గదులు, వీధిలోంచి పైకి ఇరవైరెండు మెట్లు. అక్క కిటికీ పక్కన కాలి మిషన్ పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. తనకి పెళ్లి ఊసు వద్దంది. తమ్ముడికి మాత్రం పదేళ్లపాటు సంబంధాలు వెతికి, ప్రతి పిల్లకీ ఏదో ఒక వంక పెట్టి, చివరికి నీకు తగ్గ పిల్లని ఇంకా కనలేదురా, ఊరుకో అని తేల్చేసింది. ఆయనకీ పెద్ద లోటనిపించలేదు. సాయంత్రం టీ తాగుతూ ఆ రోజు ఎవరెవరు ఎలా ఊదారో ఆయన చెప్పడం, కాలర్లు తిరగేస్తూ ఆవిడ వినడం. అలా ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

అక్క మెట్లమీద ఆగడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆయన గమనించలేదు. ఆవిడ ఆగుతోందని ఎవరికీ తెలియకుండా ఆగేది. తొమ్మిదో మెట్టు దగ్గర చెప్పు పట్టీ సరిచేసుకునేది. పదిహేనో మెట్టు దగ్గర సంచిలో తాళంచెవి వెతికేది. కింద గడియారాలు బాగుచేసేవాడితో మెట్లమీంచే వాతావరణం గురించి మాట్లాడేది. ఆ తాళంచెవి ఆవిడ మెడలోనే ఉండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ల ఊపిరి మిల్లీలీటర్లలో కొలిచిన మనిషి, ఇంట్లో ఊపిరి ఏడాదిపాటు కరిగిపోతుంటే చూడలేకపోయాడు. తర్వాత రోజుల్లో ఆయన తనని తాను తిట్టుకోడానికి ఇదొక్కటే సరిపోయేది. కానీ ఇంకోటి కూడా జరిగింది.

పొడి దగ్గు పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఆవిడకి అలవాటు. అది చేతకాకుండా పోయింది. దారం మూడుసార్లు తప్పిన రోజున తనే, మీ డాక్టరమ్మకి ఒకసారి చూపించరా అంది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ వీపుమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఆ గొట్టాలు తీసి అక్క చెవులకే పెట్టింది. అక్క విని, ఇది నాకు తెలిసిన చప్పుడే అంది. స్కూలు సంచులకి కుట్టే వెల్క్రో అంటుడు పట్టీ ఉంటుంది కదా, దాన్ని లాగితే ఇలాగే చర్రుమంటుంది అని. డాక్టరమ్మ, సరిగ్గా చెప్పారమ్మా, మా పుస్తకాల్లోనూ అలాగే రాసి ఉంటుంది అంది. స్పాంజిలా మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తులు మానిన గాయపు మచ్చలా గట్టిపడుతున్నాయని, గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదని, ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదని విడమరచి చెప్పింది. ఆ జబ్బు పేరులోనే కారణం తెలియనిది అని ఉందట. అక్క తమ్ముడి వైపు తిరిగి, తెలియదని పేరులోనే పెట్టుకున్నారంటే నిజాయితీ ఉన్నవాళ్లేరా మీ డాక్టర్లు అంది.

అప్పుడే ఆ ఆసుపత్రిలో ఒక కొత్త మందుమీద పరిశోధన నడుస్తోంది. చాలా దేశాల్లో, చాలా ఆసుపత్రుల్లో ఒకేసారి. చేరినవాళ్లలో సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అచ్చం అలాగే కనపడే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. అలా కళ్లకి గంతలు కట్టుకుంటే తప్ప మందు పనిచేసిందో మనసు పనిచేసిందో తేలదట. మూడు నెలలకోసారి ఊది చూపించాలి. ఎవరి ఊపిరయినా మొదటి రోజు అంకె కంటే పదోవంతు పడిపోతే, వాళ్లని ఇక చీకట్లో ఉంచకుండా ఖాయంగా అసలు మాత్రమీదికే మారుస్తారు. అది నియమం.

అక్క చేరింది. ఉత్తుత్తి మాత్రయినా నష్టం లేదంది. ఉత్తుత్తి కాలర్ పెట్టి కుట్టిన చొక్కాలు వేసుకుని ఎంతమంది పిల్లలు పరీక్షలు పాసవలేదూ అంది.

సొంతవాళ్లకి మాస్టారు పరీక్ష చెయ్యకూడదని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఆ పని గుండె పరీక్షల గది నుంచి మారొచ్చిన ఒక నడివయసావిడకి అప్పగించారు. మంచి మనిషి, పని తెలిసిన మనిషి. గొంతు మాత్రం పక్కనున్నవాళ్లకి కూడా సరిగా వినపడదు, అందుకే అందరూ గుసగుసమ్మ అనేవాళ్లు. మొదటి రోజు అక్క పందొమ్మిది వందల మిల్లీలీటర్లు ఊదింది. మూడు నెలలకి పద్దెనిమిది వందల ముప్పై. ఆరు నెలలకి పదిహేడు వందల డెబ్భై. ఆ మూడుసార్లూ మాస్టారు కారిడార్‌లో బెంచీమీద కూర్చుని, మూసిన తలుపు వైపు చూస్తూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. బయటికొచ్చి అక్క, ఆవిడ ఊదమంటుంటే నిద్రపొమ్మంటున్నట్టు ఉందిరా, నువ్వెప్పుడు ఊదిస్తావు అని అడిగేది.

పందొమ్మిది వందల్లో పదోవంతు తీసేస్తే పదిహేడు వందల పది. ఆ గీత ఆయన బుర్రలో మేకులా దిగిపోయింది. మందు మారాలంటే అక్క ఊపిరి ఆ గీతకిందికి పడాలి. పడకూడదని ఒక పక్క, పడితే బాగుండునని ఇంకో పక్క. తొమ్మిదో నెల వచ్చేసరికి అక్క మెట్లమీద దాపరికం మానేసింది. నాలుగు చోట్ల ఆగి, గోడకి చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేది. పరీక్షకి ముందురోజు సాయంత్రం ఆవిడ వెనకే మెట్లెక్కుతూ ఆయన మనసులో అంచనా కట్టాడు. గుసగుసమ్మ ఊదిస్తే పదిహేడు వందల ముప్పై. తను ఊదిస్తే డెబ్భై. ఎలా చూసినా గీతకి పైనే. ఆ లెక్కన ఉత్తుత్తి మాత్రలే మింగుతూ ఇంకో మూడు నెలలు.

ఆవిడ మింగుతున్నది ఉత్తుత్తి మాత్రేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఊపిరి తగ్గుతోంది కాబట్టి అదేనని తనే అనుకున్నాడు. అనుకున్నది రోజులు గడిచేకొద్దీ తెలిసిన విషయంలా స్థిరపడిపోయింది.

మర్నాడు గుసగుసమ్మకి జలుబు. దగ్గేవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. పరీక్ష ఆ వారం దాటకూడదు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "మీరే చేసెయ్యండి మాస్టారూ, ముప్పై ఏళ్లలో మీ అంకె ఒక్కటీ తప్పు కాలేదు" అంది.

అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకొచ్చింది. కుర్చీలో కూర్చుని, గది నాలుగు వైపులా చూసి, గోడమీద కార్డు చూసి, తమ్ముణ్ణి చూసి మొహమంతా నవ్వింది. ఎన్నాళ్లకి దొరికావురా అంది. ఇవాళ చూడు, నీ మెషిన్ ముల్లు విరగ్గొడతా అంది. దానికి ముల్లు ఉండదక్కా, తెరమీద గీతే అన్నాడాయన.  క్లిప్పు పెట్టాడు. రెండడుగులు వెనక్కి వెళ్లాడు. గోడ వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి, కార్డు చదివాడు.

"దయచేసి లోతుగా పీల్చండి. ఇప్పుడు బలంగా ఊదండి. ఆపకుండా కొనసాగించండి."

అక్కని అండి అని పిలిచింది కూడా అదే మొదటిసారి.

ఆవిడ ఊదింది. మొదటి మూడు సెకన్లు బాగానే ఊదింది. నాలుగో సెకనులో కళ్లెత్తి ఆయన నోటి వైపు చూసింది. ఎదురుచూసింది. మెడదగ్గర రెండు నరాలు ఇంకా తేలే ఉన్నాయి. అవి తేలి ఉన్నాయంటే అడుగున ఇంకా ఉన్నట్టే. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్లబిగువున ఆపుకుని తెర వైపు తల తిప్పుకున్నాడు. ఆవిడ ఇంకొంచెం సేపు ఆ మొహాన్నే చూసి, గొట్టం వదిలేసింది.

పదిహేడు వందలు.

ఏరా అంది అక్క. బాగానే ఉంది, ఇంకోసారి అన్నాడు. మూడుసార్లు చెయ్యాలి, మూడింట్లో పెద్ద అంకె రాసుకోవాలి. రెండోసారి పదహారు వందల తొంభై. మూడోసారి ఆవిడ ఆయన మొహం చూడలేదు. కిటికీ వైపు చూస్తూ ఊది, ఊరికే ఆపేసింది. పదహారు వందల అరవై. మెషిన్ మూడింటినీ ఒప్పుకుంది. కార్డులో ఉన్నదంతా ఆయన అన్నాడు. నియమం తప్పింది ఎక్కడా లేదు, ఒక్క ముక్క తక్కువా లేదు.

కిందికి దిగుతూ మెట్ల మలుపులో ఉన్న బెంచీమీద ఆగారు. అక్క ఊపిరి కుదుటపడేదాకా కూర్చుని, ఎదురుగా గోడని చూస్తూ అంది.

"ఇంక లేదనే కదరా, నువ్వు అడగలేదు."

 నిజం చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అర అంగుళం వంకరపోయిందని కాలర్ మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషి. ఆ నిమిషమే పైకెక్కి, డాక్టరమ్మా నా తమ్ముడు దొంగలెక్క రాశాడు, మళ్లీ ఊదుతాను అంటుంది. అందుకని, మెషిన్ ఎంత చూపిస్తే అంతేగా అక్కా అన్నాడు. ఆవిడ తలూపింది. అబద్ధం వినపడినప్పుడు తలూపినట్టు ఊపలేదు. పెద్ద డాక్టరు మాట విన్నట్టు ఊపింది. ఊరందరి ఊపిరీ పిండేవాడు తన దగ్గర పిండడానికి ఏమీ లేదనుకున్నాడంటే, ఇంకెవర్ని అడగాలి?

వారం తిరక్కుండా కొత్త సీసా వచ్చింది. ఖాయంగా అసలు మందు. ఆయన సీసాని రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు. అక్క వేళ తప్పకుండా వేసుకునేది. అంతే. ఇదివరకు రోజూ సాయంత్రం ఇరవైరెండు మెట్లూ దిగి, గడియారాలవాడితో నాలుగు మాటలాడి, నాలుగు చోట్ల ఆగుతూ ఎక్కేది. అది మానేసింది. ఎందుకులే అంది. ఒప్పుకున్న యూనిఫారాలు ఒక్కొక్కటీ పూర్తిచేసి పంపేసింది, కొత్తవి తీసుకోలేదు. కత్తెరలు నూనె రాసి గుడ్డలో చుట్టింది. గుండీల డబ్బాల మీద ఏవి ఎన్ని రంధ్రాలవో చీటీలు రాసి అంటించింది. తెలియనివాళ్లు వెతుక్కోకూడదు కదా అంది. ఆ తెలియనివాళ్లెవరో ఆయన అడగలేదు.

చెప్పెయ్యాలని ప్రతి సాయంత్రం అనుకునేవాడు. టీ గ్లాసు చేతికిస్తూ నోరు తెరిచేవాడు. ఈసారి అంకె పెరిగాక చెబుదాం, మందు పనిచేశాక చెబితే ఆవిడే నవ్వేస్తుంది అని మూసుకునేవాడు. మందు పనిచెయ్యడానికి మూడు నెలలు కావాలి. ఆరు వారాలే గడిచాయి.

ఏడో వారంలో మామూలు జలుబు. రెండు రోజుల్లో ఛాతీలోకి దిగింది. గట్టిపడిన ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి ఉన్నట్టుండి మంట రాజుకుంటుంది, అప్పటిదాకా మెల్లగా నడిచిన జబ్బు ఒక్కసారి పరుగందుకుంటుంది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఇరవైరెండు మెట్లూ గడియారాలవాడు ఒక పక్క, మాస్టారు ఒక పక్క పట్టుకుని దించారు. ఎక్కడా ఆగలేదు.

ఐసీయూలో ముక్కులోకి హోరుమని గాలి పంపే మెషిన్ పెట్టారు. దాని హోరులో మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. రెండో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. గొంతులోకి గొట్టం వేసి పెద్ద మెషిన్ మీద పెట్టొచ్చు. కానీ ఇలాంటి ఊపిరితిత్తులతో ఆ మెషిన్ ఎక్కినవాళ్లలో దిగి ఇంటికెళ్లేవాళ్లు చాలా తక్కువ. ఈమధ్య వచ్చిన పరిశోధనలన్నీ ఆ మాటే చెబుతున్నాయి. నిద్రలో ఉంచుతారు కాబట్టి మాట్లాడటం ఉండదు. వద్దనుకుంటే ఆయాసం తెలియకుండా మందులిస్తాం, మనుషులు పక్కనే ఉండొచ్చు. అక్క అంతా విని, గొట్టం వద్దని చెయ్యి ఊపింది. నిద్రలో వీడి కేకలు వినపడవుగా అని గొణిగింది. డాక్టరమ్మ నవ్వబోయి మానేసింది.

ఆవిడ వెళ్లాక మాస్టారు అక్క చెవిదగ్గరికి వంగాడు. "ఇంకా ఉందక్కా. ఆపకు. ఇంకో గుక్క ఉంది."

అక్క కళ్లు తెరిచింది. "ఇప్పుడా?" అంది.

ఆ ఒక్క మాటకి ఆయన కట్ట తెగిపోయింది. మంచం కమ్మీ పట్టుకుని, గాలి హోరులో, వాక్యం తర్వాత వాక్యం అంతా చెప్పేశాడు. గీత సంగతి, పదిహేడు వందల పది సంగతి, కావాలనే కార్డు చదివిన సంగతి, నోరు బిగబట్టుకున్న సంగతి. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. విన్నదో లేదో అనుకునేంతలో పెదాలు కదిలాయి. ఒక్కో ముక్కకీ ఒక్కో ఊపిరి.

"చెబితే... ఒప్పుకునేదాన్ని కాదు."

"తెలుసక్కా. అందుకే చెప్పలేదు."

 ఆవిడ తల కొంచెం తిప్పి, ఈసారి నేరుగా ఆయన కళ్లలోకి చూసి అడిగింది.

"మరి ఉందా... అప్పుడు?"

"ఉంది. నీ మెడలో నరాలు చూశాను. ఇంకో గుక్క ఉంది."

"నాకూ అలాగే... అనిపించిందిరా" అంది అక్క. మొహంలో ఏదో సర్దుకుంది. చాలా రోజులుగా వంకరగా ఉన్న కుట్టు ఎవరో విప్పినట్టు. చెయ్యి ఎత్తి మొట్టబోయింది గాని అంతదూరం రాలేదు, ఆయన చొక్కా కాలర్ దగ్గరే ఆగింది. ఆ కాలర్ ఆవిడ కుట్టిందే. దాన్ని రెండు వేళ్లతో తడిమి సరిచేసింది. మధ్యాహ్నం భోజనాల బండి వార్డులో తిరుగుతున్న వేళకి ఊపిరి ఆగింది.

నాలుగో రోజున మాస్టారు డ్యూటీకి వచ్చి, ముందు డాక్టరమ్మ గదికి వెళ్లి, నిలబడే చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. ఆ అంకె ఇక్కడితో ఆగదు మాస్టారూ, ఎక్కడెక్కడి వాళ్లో దాని మీద లెక్క కడతారు అంది. ఆ పరీక్షని కొట్టేసి, కారణం రాసి, పై కమిటీకి ఉత్తరం పంపాలంది. పరిశోధన పరీక్షలు ఇక మీరు చెయ్యకూడదంది. అన్నిటికీ సరేనన్నాడు. కాగితంమీద పదిహేడు వందలు అన్నచోట ఆవిడ ఎర్రగీత గీస్తుంటే, అక్కడ అసలు అంకె వెయ్యొచ్చా డాక్టర్ గారూ, పదిహేడు వందల డెబ్భై దాకా ఉండేది అని అడిగాడు. ఊదని ఊపిరిని రాయలేం కదండీ అంది ఆవిడ, మెల్లగా.

పరిశోధన ముగియడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆయన ఒక ఊరటతోనే బతికాడు. పొద్దున మెషిన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూసేటప్పుడు, సైకిలు పంపులాంటి మూడు లీటర్ల పిచికారీని నెడుతూ, ఆరు వారాలైనా ఆవిడకి అసలు మందు అందింది అనుకునేవాడు. నోరు మూసుకుని చేసిన పాపానికి ఆ మాత్రం ఫలం దక్కిందనుకునేవాడు.

ఒకరోజు డాక్టరమ్మ పిలిపించింది. ఫలితాలు వచ్చాయంది. మందు జబ్బుని ఆపలేదు గాని పడటాన్ని కొంత నెమ్మదింపజేసిందట. మిగతా దేశాల్లోనూ అలాగే తేలిందట. ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంది. కళ్లకి కట్టిన గంతలు విప్పేశారు, ఎవరికి ఏ మాత్ర వెళ్లిందో అందులో ఉంది. తెలుసుకుంటారా అని అడిగి, ఆయన తలూపాక చెప్పింది.

"అక్కగారికి మొదటి రోజు నుంచీ అసలు మందే వెళ్లింది మాస్టారూ. కొత్త సీసాలో ఇచ్చింది కూడా అదే మాత్ర. మీరు ఊదించినా, ఊదించకపోయినా ఏమీ మారేది కాదు. మీవల్ల ఆవిడకి ఏ నష్టమూ జరగలేదు."

ఓదార్పుగానే చెప్పింది పాపం. ఆయన కాగితం వైపు చూడలేదు. సరేనమ్మా అన్నాడు. అలవాటుగా నమస్కారం పెట్టి బయటికొచ్చి, మెట్ల మలుపులో ఆ బెంచీ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఏ నష్టమూ జరగలేదు. కత్తెరలు గుడ్డలో చుట్టడం, గుండీల డబ్బాలకి చీటీలు అంటించడం, సాయంత్రాలు కిందికి దిగడం మానెయ్యడం, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. ఇంక లేదనుకుని ఆవిడ బతికిన ఏడు వారాలు ఏ గడిలోనూ రాసి ఉండవు. దేనికోసం తను ఊరుకున్నాడో అది మొదటి నుంచీ ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ తననుంచి అడిగింది ఒక్క కేక. అది మాత్రం ఇవ్వలేదు.

ఆయన అక్కడ ఎంతసేపు కూర్చున్నాడో, గుసగుసమ్మ వచ్చి భుజం తట్టింది. ఎవరో పెద్దావిడ వచ్చిందని, మూడుసార్లు ఊదించినా సరిగా రావడం లేదని, తన గొంతు చాలడం లేదని చెప్పింది. ఇది మామూలు పరీక్షే, మీరు చెయ్యొచ్చు అంది.

పెద్దావిడ సన్నగా, గువ్వలా ముడుచుకుని కుర్చీలో ఉంది. మాస్టారు లోపలికి వచ్చి గోడ దగ్గర ఆగాడు. కార్డు మేకు నుంచి తీసి, అల్మరా అడుగున పాత కాగితాల కింద పెట్టాడు. తర్వాత ఆవిడ ఎదురుగా మూరెడు దూరంలో నిలబడి, మునివేళ్ల మీద లేచాడు. గొంతు మొదట బొంగురు పోయింది. సర్దుకుని కేకలు పెట్టాడు. పెద్దావిడ మూడు సెకన్లు ఊది, గొట్టం తీసేసి, చిరాగ్గా చూసింది.

"ఎందుకు నాయనా అంతలా అరుస్తావు? నా దగ్గర ఇంక లేదు. లేదంటే లేదు."

"ఉందమ్మా" అన్నాడాయన. "అడక్కపోవడం నా తప్పు. మళ్లీ పట్టుకోండి."

ఆవిడ మళ్లీ పట్టుకుంది. ఆయన అడుగుతూనే ఉన్నాడు. కారిడార్‌లో నడిచేవాళ్లు ఆగి తలుపు వైపు చూశారు. తెరమీద గీత ఆగినట్టే ఆగి, కాస్త ముందుకు జరిగింది. ఎంత అని అడగలేదు పెద్దావిడ. ఆయన కళ్లు తుడుచుకుని, అంకె రాసుకున్నాడు.